పగులు నంబరు తొమ్మిది

పొద్దున ఐదున్నరకు, ఎండ లేవక ముందే
పాత బ్రిడ్జి కిందికి దిగుత.
చేతిల గీతల ప్లాస్టిక్ ముక్క, చెవి మీద పెన్సిల్,
సంకల లెడ్జరు.
పగులు నంబరు ఒకటి, సున్నా పాయింట్ రెండు.
పగులు నంబరు నాలుగు, సున్నా పాయింట్ మూడు.
మొత్తం ఇరవై రెండు.
ఒక్కోదానికి ఎర్ర రంగుతోని నంబరు ఏసిన్రు,
నా లేబర్ కార్డు మీద ఏసినట్టే.

ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి
దేశాన్ని అడ్డంగ దాటిన మొదటి తారురోడ్డట.
మసాఫీ అవతల, వాదీ మీద ఏడు కమాన్లు.
ఇప్పుడు పక్కన ఆరు లైన్లు పడ్డయి,
దీని మీద ఒంటె గూడ నడవొద్దని గొలుసు కట్టిన్రు.
నడిచేది నేనొక్కణ్ణే,
అది గూడ కింద.

ఖల్ఫాన్ తాత శుక్రారం శుక్రారం వస్తడు.
గొలుసు కాడ కుర్చీ ఏసుకొని
ఎండుచేపల లారీ కథ ఎత్తుకుంటడు.
బ్రిడ్జి లేనప్పుడు ఫుజైరా నుంచి దుబాయికి రెండు దినాలు,
వాదీ వస్తే నాలుగు, టైరు పలిగితే అల్లాదే లెక్క.
బ్రిడ్జి తెరిచిన నాడు ఎదురుంగ ఇంకో లారీ వస్తే
నువ్వు ముందంటే నువ్వు ముందని
ఇద్దరు డ్రైవర్లు నడిమిట్ల ఆపి, ఖావా కాచుకొని
పగటీలి దాక కదల్లేదట.
సగమే నాకు అర్థమైతది,
మిగిలిన సగం నేనే కలుపుకుంట.

మొన్న ఇంజనీర్ వహీబ్ లెడ్జరు తిప్పి చూసిండు.
రెండేండ్ల నుంచి అన్నీ అవే అంకెలు.
"మాషా అల్లా! డిసెంబర్ దాక ఇట్లనే ఉంటే
ఇగ కొలిచే మనిషి అక్కర్లే"
అని నా భుజం తట్టిండు.
మంచి వార్తే.

ఎత్తుకున్న చిట్టీకి
ఇంకా పదకొండు నెలల కిస్తీలున్నయి సిరిసిల్లల.
ఆ రాత్రి క్యాంపుల పండుకొని లెక్కేసిన.
నంబరు తొమ్మిది, పడమటి కమాను, నిచ్చెన ఏస్తే గని అందదు.
నాలుగును ఐదని రాస్తే ఎవరు చూస్తరు?
మా నాయిన ఒక్క పోగు తప్పితే
జానెడు విప్పి మళ్ల నేసేటోడు.
అది యాదికొచ్చి కాదు గని,
నిద్ర రాలే.

మంగళారం రాత్రి వాన.
ఇక్కడ వానంటే గుట్టలన్నీ ఒక్కపారే దిగి వచ్చుడు.
వాదీల బండలు దొర్లుతుంటే క్యాంపు రేకులు అదిరినయి.
తెల్లారంగనే చెప్పుల్లేకుండ ఉరికిన.
ఏడు కమాన్లు. లెక్కపెట్టిన. మళ్ల లెక్కపెట్టిన.
మోకాళ్ల లోతు బురదల నిచ్చెన నాటి
తొమ్మిది మీద గీతల ముక్క ఆనిచ్చిన.
వెంట్రుకంత గూడ జరగలే.

నవ్వొచ్చింది, ఒక్కణ్ణే, బురదల.
నా నౌకరి తినే అంకెను చూసి
ఎందుకు నవ్విన్నో నాకే తెల్వది.
లెడ్జరు తడిసి పేజీలు అతుక్కున్నయి,
ఊదుకుంట ఊదుకుంట విప్పి
సున్నా పాయింట్ నాలుగు అని రాసిన.
తడి కాయిదం మీద పెన్సిల్ పడలే,
గట్టిగ ఒత్తి మళ్ల రాసిన.

ఇంకా పదమూడున్నయి.