రెండు చుక్కలు

రాత్రి పదకొండుంపావు. నానక్‌రాంగూడ, ఏడో అంతస్తు.
బిల్డ్ పడిపోయింది.
ఎర్ర అక్షరాల్లో ఒకటే ఫిర్యాదు:
ఆ ఇల్లు దొరకలేదు.

దొరక్కపోవడమేమిటి,
నిన్నటిదాకా రోజూ వెళ్లొచ్చిన ఇల్లే కదా.

లాగ్‌ని కిందినుంచి పైకి చదువుతున్నాను,
మా నల్లకుంట పోస్ట్‌మ్యాన్ బాలనర్సయ్య
కవరు మీది అడ్రసు చదివినట్టు:
ముందు పిన్‌కోడ్, తర్వాత గల్లీ, ఆఖరుకి మనిషి.
రెండు డాష్ ఒకటి డాష్ ఎంతో, బై ఏ, బై మళ్లీ మూడు,
గీత మీద గీత పడ్డ ఇంటి నంబర్లన్నీ ఆయన నోటికే.
పాత నంబరేసినా, కొత్త నంబరేసినా,
ఉత్త "పిండిగిర్ని ఎనక" అని రాసినా
ఉత్తరం చేరేది.

మా కొత్త టూల్‌కి అంత ఓపిక లేదు.
హోస్ట్ పేరు పక్కన రెండు చుక్కలు కనబడగానే
ఇక వచ్చేది పోర్టు నంబరే అనుకుంది.
వచ్చింది అంకె కాదు, దారి.
గుమ్మందాకా వెళ్లి
తలుపుకి నంబరు లేదని తిరిగొచ్చేసింది.

పాత టూల్ సర్దుకుపోయేది.
చివర డాట్ గిట్ ఉన్నా లేకున్నా,
ముందు గిట్ ప్లస్ అని తగిలించినా,
సమజైంది తీ అన్నట్టు వెళ్లి తెచ్చేది.
తప్పు రాస్తున్నావని ఒక్కరోజూ చెప్పలేదు.
అది మంచితనమో కాదో ఈ రాత్రి తేల్చుకోలేకపోతున్నాను.

అదే ఫైల్లో నలభై ఒకటో వరస.
అక్కడా రెండు చుక్కలే.
ఎడమపక్క ఒక పేరు: మెహజబీన్.
కుడిపక్క నలభై అక్షరాల తాళంచెవి.
మూడేళ్లైంది తను మానేసి.
మాసబ్‌ట్యాంక్‌లో పాలిటెక్నిక్ పిల్లలకి పాఠాలు చెబుతోంది.
ఇక్కడ ప్రతి అర్ధరాత్రీ మా బిల్డ్
ఆమె పేరు చెప్పి, ఆమె చెవితో తలుపు తీసుకుని
పని చూసుకుని వస్తోంది.
పైగా లాగ్ నిండా ఆ చెవి బొమ్మ అచ్చేస్తోంది,
మీటరు డబ్బా మీద తాళంచెవి పెట్టి
వీధికంతా చాటింపేసినట్టు.

ఫోన్ చేశాను. ఎత్తింది.
"యా అల్లా, అది ఇంకా నడుస్తుందా?" ఒకటే నవ్వు.
"ఒక్క పూటకని పెట్టిన. ఆ రోజు రిలీజ్ ఉండె."
వెనక ఎవరో పిల్ల దగ్గింది.
"ఆగు, తీసేస్త."
రెండు నిమిషాలకి మళ్లీ తనే:
"చూడు, ఇప్పుడు నేను లేను కదా?"

చూశాను. లేదు.
బిల్డ్ ఈసారి నలభై ఒకటో వరస దగ్గరే పడింది.

మొదటిచోట చుక్కలు చెరిపి వాలుగీత పెట్టాను.
చివర హ్యాష్ గుర్తు, దాని వెంట కమిట్ సంఖ్య.
బ్రాంచి పేరు రాస్తే రేపా ఇంట్లో ఎవరుంటారో తెలీదు,
ఇదైతే ఆ రోజు, ఆ పూట, అంతే.
రెండోచోట బిల్డ్‌కి సొంత తాళంచెవి చేయించి
యూఆర్‌ఎల్‌కి దూరంగా దాచాను.
పాత వరసల పక్కన చరిత్రలో
ఆమె పేరు అలాగే ఉంది. దాన్ని ఎవరూ తీయలేరు.

ఒంటిగంటకి పచ్చబడింది.
కిందినుంచి క్యాబ్ డ్రైవరు:
"మేడం, లొకేషన్ ఫ్లైఓవర్ మీద చూపిస్తున్నది. ఏడున్నరు?"
టీకొట్టు పక్కన, అన్నాను.
కొట్టు ఎప్పుడో మూసేశారు.
అయినా దొరికింది అతనికి.