ఆరంకెల ఎరుపు

బ్రాడీపేట నాలుగో లైన్లో మెట్ల కింద నా మిషను.
పైన ట్యూషన్ సెంటరు. పిల్లలు దిగినప్పుడల్లా
సూది ఒక్క పోగు పక్కకి జరుగుద్ది.

లాయరమ్మ హైమవతిగారు పట్టుచీర ఇచ్చిపోతా
"జాకెట్టు ఎవరి దగ్గరా లేనిది కావాలి" అంది.
మూడ్రోజులు ఆ ముక్క చుట్టూ తిరిగా, కత్తెర పెట్టలేక.

"ఇట్టా కాదు మేడమ్, బోర్డు చెయ్యాలి" అంది మస్తాన్‌బీ,
కాజాలు కుట్టే పిల్ల.
షాపు బోర్డేమో అనుకున్నా.
రేకు మీద పెయింటుకి రెండు వేలన్నాడు మొన్న.
"అది కాదు. నచ్చిన బొమ్మలన్నీ ఫోన్లో
ఒకచోట అతికించుకోడం. డబ్బులక్కర్లా. ఫ్రీ."

ఫ్రీ అంటే నాకు భయం.
తాంబూలంలో ఫ్రీగా వచ్చిన జాకెట్టు ముక్క
ఒక్క మనిషికన్నా సరిపోంగా చూళ్ళేదు నేను.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరం మెట్ల మీద.
తెర నిండా గళ్ళు. గడికో ప్లస్ గుర్తు,
కొత్త బట్ట మీద సుద్దతో గీసినట్టు.
వాళ్ళిచ్చిన నమూనా చూస్తే
తెల్ల గోడ, తెల్ల కప్పు, తెల్ల కుర్చీ మీద తెల్ల దుప్పటి.
గుంటూరు దుమ్ముకి ఒక్క పూట ఆగుద్దా ఆ తెలుపు?
"తీసెయ్" అన్నా.
ఇల్లు ఇల్లంతా పోయింది, చప్పుడు లేకుండా.

మొదట పెట్టించింది (నవ్వకండి)
పట్నం బజార్లో ఇత్తడి కొట్టు షట్టరు తుప్పు.
వాన పడ్డ మర్నాడు దానికో అంచు వచ్చుద్ది,
ఏ మగ్గం మీదా రాని అంచు.
తర్వాత ఏటుకూరు రోడ్డులో జామకాయల బండి మీద తడి గోనె.
మా ఆయన స్కూటరు సీటు చిరుగు, లోపలి పసుపు స్పాంజితో సహా.
మస్తాన్‌బీ వాళ్ళ నాన్నమ్మ పాన్‌దాన్ మూత.
ఒక వంకాయ.
"వంకాయెందుకు మేడమ్?"
తొడిమ దగ్గర చూడవే,
ఊదా ఎక్కడాగిందో ఆకుపచ్చ ఎక్కడ మొదలైందో చెప్పు.
చెప్పలేకపోయింది. ఉంచింది.

చుక్కలమందు మూత లాంటి బొమ్మొకటుంది.
ఏ ఫోటో మీద ఆనిస్తే అక్కడి రంగు పీల్చి
పేరు చెప్పుద్ది, ఆరంకెల్లో, ఇంగ్లీషు అక్షరాలు కలిపి.
"మీ ఎరుపు పెట్టండి మేడమ్."

నా ఎరుపు.
మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజీలో
పదకొండేళ్ళు తొడిమలు తీశాను, కిలోకింతని.
ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకోకుండా
చేతులకి మజ్జిగ రాసుకుని
గంటసేపు గాల్లో పట్టుకు కూర్చునేదాన్ని.
వాడు ఏడ్చి ఏడ్చి నా చీర కుచ్చిళ్ళ మీదే నిద్రపోయేవాడు.

పేరేచర్ల నుంచి మా మరిది పంపిన ఫోటో దొరికింది,
కల్లంలో ఆరబోసిన తేజ కాయలు.
పిల్ల దాని మీద ఆనించింది.
ఎ ఎనిమిది ఒకటి, ఎ ఒకటి ఎఫ్.
అంతే.
దగ్గు రాలేదు.
అలవాటు కొద్దీ అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశా.
సబ్బు. మిషను నూనె.

"పక్కన మజ్జిగ తెలుపు పెట్టవే" అన్నా.
"మజ్జిగ ఫోటో ఎవరు తీస్తారు మేడమ్?"
టిఫిన్ క్యారేజీ మూత తీసి చూపించా.
ఎరుపు పక్కన చేరిందా తెలుపు, సన్నంగా.
లాయరమ్మ చేతుల అంచు ఎంత వెడల్పో
అప్పుడే నా వేళ్ళకి తెలిసిపోయింది.

తొమ్మిది గళ్ళు నిండాయి. పదోది కావాలంటే నెలనెలా కట్టాలంట.
బొమ్మలన్నిటి మీదా ఏటవాలుగా కంపెనీ పేరు పడింది,
బేలు బట్ట మీద మిల్లు ముద్రలాగా.
పడనీ. ఉతికితే పోయే ముద్రలు చానా చూశాం.

చివర్న బోర్డుకి పేరడిగింది.
"మీ పేరే కొట్టండి మేడమ్."
ఎన్నాళ్ళయిందో నన్నెవరన్నా నాంచారీ అని పిలిచి.
'నా' కొట్టా. సున్నా ఎక్కడుందో కనబళ్ళేదు.
గీత మినుకు మినుకుమంటా నా కోసం ఆగింది.

కరెంటొచ్చింది.
పైన గంట కొట్టారు. పిల్లలు దిగుతున్నారు.
లోపలికెళ్ళి చక్రం మీద చెయ్యేసి
సూదిని ఆపి పట్టుకున్నా.