పేరు గడి

వాల్పరైసో రేవులో మూతపడ్డ కస్టమ్స్ గిడ్డంగి.
రేకుల మీద గూడబాతులు కునికిపాట్లు పడుతున్నాయి.
లోపల పన్నెండు ప్రింటర్లు,
చుక్కలు పొడిచి అక్షరాలు రాసే పాతకాలపువి.
వాటి ఎదురుగా నూట పది కుర్చీలు,
సగం చర్చి నుంచి అరువు.

నేను వాయిద్యకారుణ్ణి కాను.
ఇరవై ఆరేళ్లు ఈ రేవులో రిబ్బన్లు మార్చినవాణ్ణి.
పెళ్లినాటి ఫోటోలో కూడా
నా బొటనవేలు నల్లగానే ఉంటుంది.

అన్సెల్మోకి ఇంటర్నెట్‌లో దొరికిందట ఓ పనిముట్టు,
ఎవరో ఊసుపోక చేసి ఊరికే వదిలేసింది.
ఈల వేస్తే చాలు, దాన్ని నమిలి
కామాలుగా, చుక్కలుగా, డాలరు గుర్తులుగా ఉమ్మేస్తుంది.
ఆ పిచ్చిరాతను ప్రింటరుకి తినిపిస్తే
సూదులు నీ ఈలనే తిరిగి పాడతాయి,
కాస్త జలుబు చేసిన గొంతుతో.

నేనూ వేశాను ఒకటి.
మా అమ్మ పొద్దుగూకేవేళ వేసే ఈల.
మూడు వరుసల సెమికోలన్లు వచ్చాయి.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

కచేరీ ఓ వాల్ట్‌జ్‌తో మొదలైంది.
పెద్ద ప్రింటర్లు తాళం, చిన్నవి రాగం.
కాగితాలు నాలుకలు చాపుకుంటూ నేల మీదికి దిగాయి.
నడిమధ్యలో నాలుగోదానికి గొంతు పట్టేసింది.
లేచి వెళ్లి ఇరుక్కున్న కాగితం లాగాను.
దానికీ చప్పట్లు కొట్టారు.
నా జన్మకి అవే మొదటివి.

ముందు వరసలో ఎదెల్మీరా, వాడి మేనత్త,
ఒళ్లో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు.
ముప్పయ్యొక్క ఏళ్లు ఇక్కడే రసీదులు కొట్టిన మనిషి.
ఏ సరుకు దిగిందో తలెత్తకుండానే చెప్పేది.
కాఫీ అయితే పొట్టి వరసలు, టకటకమని.
యంత్రాల విడిభాగాలైతే అంకెల వడగళ్లు.
శవపేటిక అయితే ఒకే ఒక్క వరస,
వెంటనే పేజీ తిరిగే మూలుగు.
ఈ సంగీతం ఆమెకు ఎప్పుడో వచ్చు.
మేమే ఆలస్యంగా టికెట్టు కొన్నాం.

విరామంలో ఆమె సంచి తెరిచింది.
నాలుగు మడతల కార్బన్ నకలు,
మడతల దగ్గర వెలుతురు కనిపించేంత పాతది.
అన్సెల్మో చదివాడు. అత్త ముఖం చూశాడు.
ఏమీ అనకుండా టైపు చేయడానికి కూర్చున్నాడు.

చివరి అంశం, తొమ్మిదో ప్రింటరు ఒక్కటే.
తేదీ.
ఓడ పేరు, పొడుగ్గా, మధ్యలో ఒక గీతతో.
దిగిన మనిషి పేరు...

అక్కడ ఏమీ లేదు.
ఆ రోజు ఆమె అడగలేదు.
వరస పెద్దది. భోజనం వేళ.
ప్రింటరు తల సూది దించకుండా
ఈ అంచు నుంచి ఆ అంచుకు జారింది,
మళ్లీ వెనక్కి వచ్చింది,
మళ్లీ జారింది.

అయిపోయిందనుకున్నారు జనం.
చప్పట్లు. కుర్చీల కిరకిర.
ఎదెల్మీరా చెయ్యెత్తింది,
కౌంటరు దగ్గర తోసుకొచ్చేవాళ్లను ఆపినట్టు.

జప్తు చేసిన వస్తువు: అకార్డియన్, ఒకటి.
రంగు: ఎరుపు.
స్థితి: రెండు మీటలు లేవు.
విలువ: సున్నా.

సున్నా చప్పుడు కూడా గుండ్రంగానే ఉంటుందని
నాకు ఆ రాత్రే తెలిసింది.

తర్వాత కొండ లిఫ్టు కోసం నిలబడ్డాం ఇద్దరం.
తాడు నూనె వాసన, కింద ఓడల దీపాలు.
"వాయించి చూపిస్తానన్నాడు," అంది ఆమె.
"అవసరం లేదన్నాను. ఆ మాటకి గడి లేదు పత్రంలో."
ఏమనాలో నాకు తోచలేదు.
జేబులోంచి నా సెమికోలన్లు తీసి ఇచ్చాను.
దీపం కిందికి జరిగి,
పెదాలు కదుపుతూ, మూడు వరుసలూ చదివింది.

"కోళ్లనా పిలవడం?" అంది.