తరుగు

పది లక్షలు.
అంతకు మించి ఒక్క రూపాయి జట్టు మీద పెట్టకూడదు.
లీగు వాళ్ళ కాగితం మీద, గుండ్రటి ముద్ర పైన, అంతే ఉంది.
పన్నెండు మంది కావాలి.
నేను మిర్చి యార్డులో సాంబయ్య గారి కొట్టు గుమస్తాని.
కబడ్డీ నాకు తెలీదు,
కూడిక తెలుసు.

నిరుడు కప్పు గెలిచాం.
అదే మా కొంప ముంచింది.
అప్పుడు అరవై వేలకి వచ్చిన కాలేషా
ఈ ఏడు మూడు లక్షల పాతిక వేలు.
వాడేం మారలేదు. అదే కూత, అవే బక్క కాళ్ళు,
అదే నిజాంపట్నం యాస.
ఎగుమతి ఆర్డరు పడ్డ పొద్దున
తేజా రకం లేచినట్టు
రేటు లేచిందంతే.
రెండో రైడరు లక్షా డెబ్భై ఐదు.
సగం డబ్బు ఇద్దరి ఊపిరి కిందే అయిపోయింది.

మిగతా ఐదు లక్షలకి పది మంది.
అరండల్‌పేట హోటల్ గదిలో
కారే ఏసీ కింద బకెట్టు పెట్టుకుని
రాత్రి రెండింటిదాకా బేరాలు.
ఆటగాణ్ణి చూడ్డమంటే టిక్కీ కోసి చూడ్డమేనని అక్కడ తెలిసింది:
గుప్పెడు తీసి, తొడిమ విరిచి,
తేమెంత, తాలెంత,
మోకాలి కింద తరుగెంత.

తొమ్మిది మంది కుదిరారు.
పుస్తకంలో నలభై వేలు మిగిలాయి,
ఒక పేరు మిగిలింది.

ఏసుపాదం.
ఎడమ కార్నరు. ముప్పై నాలుగేళ్ళు.
పొద్దున మా కొట్లోనే టిక్కీలు మోస్తాడు,
సాయంత్రం స్టేడియం వెనక మట్టిలో చీలమండలు పడతాడు.
బోనస్ గీత మీద కాలు ఎంతసేపు ఉంచాలో
కాలేషాకి నేర్పింది వాడే.

ఐదు సీజన్లు దాటినవాడికి
అరవై వేలకి తక్కువ ఇవ్వకూడదట.
పాత ఆటగాళ్ళ మీద జాలితో రాసిన రూలే అయ్యుంటుంది.

"నలభైకే ఆడతానండీ," అన్నాడు.
వీల్లేదన్నాను.
"అరవై రాయండి, ఇరవై నేను తిరిగిచ్చేస్తా."
రాస్తే అరవై అరవయ్యేనయ్యా, అన్నాను.
"పోనీ హమాలీ కింద..."
పెంచిన కూలి కూడా లెక్కలోకే వస్తుందని చెప్పలేక
కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

సాంబయ్య గారు తలుపు దగ్గరికేసి,
"ఎవడి కిందో ఇరవై తగ్గించి రాయవయ్యా,
ఆ తేడా మనం వాడికి చేతికిద్దాం.
నువ్వు రాయని లెక్కా ఇది?" అన్నారు.

నిజమే.
ముప్పై ఏళ్ళు రెండు పుస్తకాలు రాసిన చెయ్యి,
ఒకటి నల్ల అట్ట, ఒకటి ఎర్ర అట్ట.
ఎందుకో ఆ పూట పెన్ను కదల్లేదు.
భయమో బుద్ధో ఇప్పటికీ తేల్చుకోలేదు.
ఇన్నేళ్ళకి వచ్చిన నిజాయితీ
ఎవడి కంచం మీద పడాలో చూసుకునే వచ్చింది.

పన్నెండో పేరు పొన్నూరు కుర్రాడు, పాతిక వేలు.
మీసం ఇంకా గీతలోనే ఉంది.
పదిహేను వేలు మిగిలాయి.
వచ్చే ఏటికి మోసుకుపోవడానికి లేదు,
ఎవరికీ ఇవ్వడానికీ లేదు.

ఏసుపాదాన్ని బెజవాడ వాళ్ళు పిలిచారు.
నడిపించి, కూర్చోబెట్టి, లేపి చూసి,
మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు.

మొదటి మ్యాచికి వాడే డబ్బు పెట్టి టికెట్ కొనుక్కున్నాడు.
కుర్రాడు కార్నరులో రెండుసార్లు జారాడు.
రెండోసారి గ్యాలరీలో
ఏసుపాదం చెయ్యి దానంతటదే ముందుకు పోయి
ఎవరిదో ప్యాంటు అంచు పట్టుకుంది.
తిట్టాడాయన. వీడు నవ్వి దణ్ణం పెట్టాడు.

మర్నాడు కాటా దగ్గర,
మిరప ఘాటుకి ఇద్దరం తుమ్ముతుంటే,
వీపు మీద టిక్కీ దించకుండానే అన్నాడు:
"కుడి కాలు ముందే లేపేస్తున్నాడండీ మనోడు.
బరువు వెనక్కుంచమని చెప్పండి."

కబడ్డీ నాకు తెలీదు.
ఆ మాట చీటీ మీద రాసుకుని
సాయంత్రం వెళ్ళి చెప్పాను.