ఈ మంటకేం పెట్టాలి

యాకుత్స్క్‌లో డిసెంబరు.
గుమ్మం బయట మైనస్ నలభై తొమ్మిది.
కొట్టంలో గ్యాసు సిలిండరు
కడుపునిండా ప్రొపేను పెట్టుకుని
మౌనవ్రతం పట్టింది.
మర తిప్పితే నిట్టూర్పయినా రాదు.

బల్ల మీద అకులీనా అవ్వ వెండి పతకం,
కొక్కెం దగ్గర విరిగి.
శనివారానికి కావాలంది.
ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా మరిది స్పిరిదోన్
ముప్పై ఏళ్ళు డీజిలు కరెంటు కేంద్రంలో చేసి
చెవుల్లో ఆ హోరు ఇంటికి తెచ్చుకున్న మనిషి.
"గ్యాసు రాకపోతే నీళ్ళున్నాయిగా వదినా" అన్నాడు.
వేళాకోళమనుకున్నాను.

బడి వంటశాల పారేసిన స్టీలు పళ్ళేలు కోశాడు.
లారీ ట్యూబు కత్తిరించి మధ్యమధ్య పరిచాడు.
నట్లు బిగిస్తూ ఈలవేశాడు, రాగం తెలియని ఈల.
పాత వెల్డింగు పెట్టెలోంచి కరెంటు.
క్షారం కలిపిన నీళ్ళు సీసాలో పోసి
"ఇవి అంత తేలిగ్గా గడ్డకట్టవు" అన్నాడు,
పెంచిన కోడిని పొగిడినట్టు.

స్విచ్చి వేశాడు.
అన్నం పొంగుకి ముందు గిన్నె గొణిగినట్టు
రేకుల మధ్య చిన్న గొణుగుడు.
తెల్లటి నురగ, ఆవపిండంత బుడగలు.
ఇంజెక్షను సూది కొసన అగ్గిపుల్ల పెట్టాడు.

టప్!

బిరడా వెళ్ళి కప్పుకి తగిలింది.
కుక్క మంచం కిందకి.
పక్కగదిలోంచి అత్తగారు "ఎవరు పోయారు?" అంది.
కనుబొమల మీద క్షారం చుక్కలతో
స్పిరిదోన్ నిలబడి నవ్వుతున్నాడు.
తన కళ్ళద్దాలు కాదవి, నావి.
పొద్దున నేనే బలవంతంగా తగిలించాను.
చెయ్యి పట్టుకు లాగి మొహం కడిగించాను.

రెండోరోజు ఇంకో నీళ్ళ సీసా అడ్డం పెట్టాడు,
మంట వెనక్కి పరిగెడితే మునిగి చావడానికి.
అది పరిగెట్టింది. మునిగింది.
మూడోరోజు ఇంకా సన్నటి సూది.

అప్పుడు నిలిచింది.

మంటంటే మంట కాదు.
రఫూ చేసే సూదంత.
రంగు లేదు, మసి లేదు, వాసన లేదు.
ఉందో లేదో తెలియడానికి
ఇనపముక్క దగ్గరకి తీసుకెళితే
ముక్క తెల్లబోయి చెప్పింది, ఉందని.
చల్లటి గరిటె అడ్డం పెట్టాను.
గరిటె మీద చెమట.
"చూశావా, నీళ్ళు చీల్చితే మళ్ళీ నీళ్ళే" అన్నాడు.
దెబ్బలాడుకుని విడిపోయినవాళ్ళు
వీధి మలుపులోనే కలిసిపోయినట్టు.

మెత్తటి మంటకి అలవాటైన నా చెయ్యి
దీన్ని నమ్మలేదు.
ముందు ఒక పాత పోగు పెట్టాను.
రెప్ప వేసేలోగా చెవి పోగు గోలీ అయింది.
ఇంకోటి. ఇంకో గోలీ.
ఐదోది నిలబడ్డాక
ఊపిరి బిగబట్టి పతకం మీదకి వెళ్ళాను.
పొంగారం కరిగి గాజయింది,
టంకం ఒక్కసారి కళ్ళు తెరిచి
సందులోకి జారుకుంది.
అతుకు కనిపించదు.
అవ్వ గోటితో తడిమి పట్టేస్తుందనుకోండి.

ఇంతలో అత్తగారు వచ్చింది,
చెంచాలో వెన్నతో.
మా ఇళ్ళలో కొత్త నిప్పుకి ముందుగా ముద్ద పెట్టాలి.
పొయ్యిలో ఉండే తెల్లగడ్డం ముసలాయన
ఆకలితో ఉంటే ఇల్లు కలిసిరాదు.
సూది వైపు చాలాసేపు చూసింది.
"వెంట్రుకంత నోరు. ఇందులో వెన్నెక్కడ పడుతుంది?
అసలేం తింటుందిరా ఇది?"

స్పిరిదోన్ నీళ్ళ సీసా చూపించాడు.

ఆవిడ వెన్న పక్కన పెట్టి
లేనా నది మంచుగడ్డ కరిగించిన బిందెలోంచి
ఒక గరిటెడు ముంచుకొచ్చింది.
శుద్ధిచేసిన నీళ్ళు తప్ప పొయ్యకూడదని
మూడురోజులుగా నా బుర్ర తిన్న మనిషి
నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.
ఆపితేగాని మూత తియ్యలేం అని మాత్రం అన్నాడు.
మంట ఆరిపోయాక మంటకి భోజనం పెట్టడం
మా ఇంట్లో అదే మొదటిసారి.

ఆవిడ పోసింది. పెదవులు కదిలాయి.
ఏమందో వినపడలేదు.
వెన్న కుక్క తినేసింది.

మర్నాడు రేకుల మీద తెల్లటి పొలుసు.
కిటికీ దగ్గర కూచుని
ఒక్కో రేకూ గీకుతూ
స్పిరిదోన్ ఎవర్నీ తిట్టలేదు.