నకళ్ల సెక్షను

అనంతపురం జిల్లా కోర్టు వెనక,
రికార్డుల వాసన ఎండాకాలం ఇంకా పెరిగే గదిలో
ముప్పై ఒక్క ఏండ్లు కూచున్నాను.
నా పని నేరం తేల్చడం కాదు.
తేలినదాన్ని నాలుగు కాపీలు కొట్టడం,
అసలుతో పోల్చి, కింద మూలన
పొడి అక్షరాల్లో సంతకం పెట్టడం.

పొద్దున వన్నూరప్ప వచ్చినాడు.
కంబదూరు బస్సు దిగి, టవలుతో మొహం తుడుచుకుని
స్టాంపులు అంటించిన దరఖాస్తు నా ముందర పెట్టినాడు.
బోరు స్టార్టరు డబ్బా దగ్గర
తొమ్మిది పోట్లతో పడిపోయిన పిల్లోడికి తండ్రి.
తీర్పు ఇంగ్లీషులో ఉంది.
"ఏముందప్పా దీన్ల?"
"ఉరి" అన్నాను.
రెండక్షరాలు. సులువుగానే వచ్చినాయి నోటికి.
అతను నవ్వలేదు, ఏడవలేదు.
కొడుకు పేరు యాడుందో చూపించమన్నాడు.
వెతికినాను. మొదటి పేజీలో ఒక్కసారి, తిప్పేష్ అని.
అక్కణ్ణుంచి అరవై పేజీలూ మృతుడు, మృతుడు.
ఆ ఒక్క పేరు మీద వేలు పెట్టి రుద్దినాడు
కార్బన్ నీలం చర్మానికి అంటేదాకా.

మధ్యాహ్నం మారెక్క వచ్చింది, గాదిలింగ అక్క.
ముద్దాయి తరఫుకు ఒక నకలు ఉచితమే,
ఆమెకు తెలీదు, కొంగుముడి విప్పుతానే ఉంది.
"ఏమని రాసినారు సామీ?"
అదే తీర్పు. అదే పేజీ. అదే వరుస.
"పెద్ద శిక్షమ్మా."
"ఎంత పెద్దది? పద్నాలుగేండ్లా?"
పిన్నుల కోసం సొరుగు తెరిచినాను.
సొరుగులో పిన్నులు లేవని నాకు తెలుసు.

ఆ మధ్య క్యాంటీన్లో, ఉగ్గాని ప్లేట్ల మీద
కుర్ర వకీళ్లు వాదించుకుంటున్నారు.
తాడు మోటు పద్ధతంట.
సూది మేలంట, నొప్పి తెలీదంట.
నేను రెమింగ్టన్ మీద మొదలుపెట్టిన మనిషిని.
రిబ్బను పోయింది, కంప్యూటరు వచ్చింది,
ప్రింటరు చప్పుడన్నా చేయదు.
ఆ వరుస మాత్రం ఆ వరుసే.
చప్పుడు తగ్గితే ఎవరికి ఉపకారం?

ఒక సంగతి చెప్పల్ల, రిటైరైనాను కాబట్టి.
అదే కేసులో మూడో సాక్షి వాంగ్మూలం,
పైకోర్టుకు పోవాల్సిన నకలు, తెలుగులో, నేనే కొట్టినాను.
"చీకట్లో మనిషిని గుర్తుపట్టలేను" అన్నాడు సాక్షి.
"గుర్తుపట్టగలను" అన్నాయి నా వేళ్లు.
రెండుసార్లు కరెంటు పోయిన రోజు, మా చిన్నదానికి జ్వరం,
ఎవరి కొంపా ముంచాలని కాదు.
పోల్చేటప్పుడు దొరికింది.
తెల్ల రంగు పూసి
ఆరేదాకా నోటితో ఊదినాను.
ఒక మనిషి మెడకూ నా ఊపిరికీ మధ్య
అంతే దూరం.

ఆరోజు పట్టుకున్నాను.
పట్టుకోని రోజులు ఎన్నో నాకెట్ల తెలుస్తుంది?
పట్టుకోలేదు కదా.

ఈ మాట వన్నూరప్పతో అన్నాను,
హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చిన ఏడు,
క్లాక్ టవర్ దగ్గర కనిపిస్తే.
"తప్పింది నీ యేలు, రసూల్ సాబూ.
వాని కత్తి తప్పలే.
నీ ఇంట్లో పోయింటే తెల్సుండు."
జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.
టీ చెప్పినాను. తాగినాడు.
రెండు గ్లాసుల డబ్బులూ తనే ఇచ్చి
నా మొహం చూడకుండా రోడ్డు దాటినాడు.

మారెక్క ఏడాదికి రెండుసార్లు
కడప జైలుకు పోతుందంట, ములాఖత్‌కు.
గాదిలింగ మంచోడైనాడని నేను చెప్పను.
నాకు తెలీదు. ఉన్నాడు, అంతే.
ఉన్నవాని ఫైలు ఎప్పుడన్నా తెరవొచ్చు,
ఎవడో ఒక టైపిస్టు
అసలును పక్కన పెట్టుకుని మళ్లీ పోల్చొచ్చు.
వన్నూరప్పకు ఇది చాలదని తెలుసు.
ఏది చాలుతుందో అతనికీ తెలీదు,
నేను అడగనూ లేదు.

ఇప్పుడు చేతులు వణుకుతాయి.
అంగడి చీటీ రాసినా రెండుసార్లు చదువుకుంటాను.
"చీటీనే కదా, తీర్పా?" అని మా ఇంటామె నవ్వుతుంది.
ఉప్పు అరకిలో. చింతపండు పావు.
ఇంకోసారి.
ఉప్పు అరకిలో.