పచ్చసొన లెక్క

పొద్దున్నే
పెదజాలరిపేట బడి వంటగదిలో
రెండొందల పన్నెండు గుడ్లు నీళ్ళలో వేస్తాను.
తేలినవి తీసి అవతల పెడతాను.
మునిగినవే మంచివి.
సముద్రం దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది,
మా పేటలో
తేలి వచ్చినోడే బతికినోడు.

ఒక్కో గుడ్డు మీదా రంగు ముద్ర,
దారిలో ఎవరూ దాచుకోకుండా.
ఆ రంగు నా వేళ్ళకి అంటుకుని
సాయంత్రం నేను కూడా
సర్కారు సొమ్ములాగే ఇంటికెళ్తాను.

ఇంట్లో గుడ్లకి ముద్ర ఉండదు.
నూకన్న కొట్లో కొన్నవి, డజను లెక్కన.
వాటికి వేరే కాగితం వచ్చింది,
కేజీహెచ్ నుంచి, నాలుగు మడతల మీద:
గనగళ్ళ ఎల్లాజీ, వయసు యాభై రెండు,
కింద ఒక అంకె
దాని చుట్టూ డాక్టరు గీసిన ఎర్ర సున్నా
అచ్చం గుడ్డులాగే కోలగా.
"రోజూ రెండా? పచ్చసొన మానెయ్.
తెల్లది తిను చాలు."

పాతికేళ్ళు బోటు మీద
ఏ గాలికీ తల దించనోడు
ఆ సున్నాని చూసి
చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నుంచి
దారంతో గుడ్డు కోయడం నేర్చుకున్నాను.
బొటనవేలితో తోస్తే సొన ఊడొస్తుంది,
తెల్లటి దొప్ప మిగులుతుంది.
అందులో ఉప్పు పోసుకుని నమిలి
"రబ్బరు చెప్పు తిన్నట్టుందే" అంటాడు.

సొన పిల్లికి పెట్టాను.
మూడో రోజుకి
ఇంకో ఇద్దరు చుట్టాల్ని తీసుకొచ్చింది.

పారేద్దామంటే చెయ్యి ఆడలేదు.
బడిలో పళ్ళాల మధ్య తిరుగుతూ
రోజూ అరిచేది నేనే కదా:
"ఒరే దేముడూ, పచ్చది వదిలెయ్యకురా,
బలమంతా అందులోనే ఉంది!"
నిన్న ఆ గుంటడు నోట్లో ముద్ద పెట్టుకునే అడిగాడు:
"మరి ఎల్లాజీ మావకి పెట్టవంట కదత్తా?"
పేటలో గోడలు పల్చన.

అప్పుడు మొదలెట్టాను, నేనే తినడం.
గిన్నెలు తోమే దగ్గర నిలబడి,
ఆయనకి వీపు తిప్పి,
రెండు సొనలు, కొంచెం కారం.
నా పేరున ఏ కాగితమూ లేదు.
కాగితం లేని ఒంట్లో
కొవ్వు కూడా ఉండదు.

రెండోసారి వెళ్తే పెద్ద డాక్టరు లేడు.
చిన్న పిల్ల, హౌస్ సర్జన్,
మెడలో స్టెతస్కోపు ఇంకా కొత్త వాసన.
"గుడ్డు ఒక్కటే ఏం చేస్తుందమ్మా?
దేంతో తింటాడు?"
చెప్పాను:
ఎండుచేప, బీచిలో బజ్జీలు, ఆరు టీలు,
శనివారం క్వార్టరు, రోజంతా చుట్ట.
చుట్ట దగ్గర పెన్ను ఆగిపోయింది.
"ముందు అది మానాలి.
గుడ్డు రోజుకొకటి తిననీ, ఉడకబెట్టి, మొత్తం.
ఒక్కో ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది,
మూడు నెలలాగి మళ్ళీ రక్తం చూద్దాం."

"మరి పెద్దాయన వద్దన్నాడే?"
"ఆయన చదివినప్పుడు అలా ఉండేది,
మేం చదివినప్పుడు ఇలా ఉంది."
"రేపు?"
ఫ్యాను వైపు చూసింది.
ఫ్యానుకీ తెలీదు.

ఈయన గుండీ విప్పుకుంటూ లేచాడు.
ఆ పిల్ల మాత్రం
నన్ను ఇంకా చూస్తూనే ఉంది.
"మీరెప్పుడైనా చూపించుకున్నారా?"

కేజీహెచ్ దిగుడులో నడుస్తుంటే
మోచేతి మడతలో దూది,
దాని మధ్యలో ఎర్రటి చుక్క.
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
జగదాంబ దాకా
ఇద్దరం బస్సుల పేర్లు చదువుకుంటూ వచ్చాం.

రాత్రి పళ్ళెంలో ఒక్కటే గుడ్డు.
వేలితో నొక్కి చూశాడు.
"లోపల ఉందా?"
"ఉంది."
తెలియని నీళ్ళలో కాలు పెట్టినట్టు
మెల్లగా కొరికాడు.

నా కాగితం సోమవారం వస్తుంది.
గుమ్మం బయట
మూడు పిల్లులు కూర్చుని
నా చేతుల వైపే చూస్తున్నాయి.